ఎవరి కిందా కాదు

గుంటూరు,
12 ఆగస్టు 2002.

మాధురి వదినకు,

ఇక్కడ మనుషులమంతా క్షేమం. కంప్యూటర్‌కే బాగాలేదు. దానికి కారణం నువ్వు.

నీ ఫ్లాపీ లారీ డ్రైవరు ఖాదర్ వలి భద్రంగా తెచ్చిచ్చాడు. లారీలో మీ గ్రానైటు పాలిషింగ్ యూనిట్ రాళ్లు పగిలినా పగులుతాయి గానీ నీ కవరు నలగనివ్వడు. నేను పనిచేసే డీటీపీ సెంటరు యజమానురాలు షమా ఆ ఫ్లాపీ పెట్టి, అన్నీ ఒకేసారి తెరిచే మీట నొక్కింది. మొదట మా గుంటూరు ఇల్లు తెరుచుకుంది. అందులో కోడలిగా నేను. నా కింద నా పుట్టిల్లు, అంటే మీ మార్టూరు ఇల్లు. అందులో కోడలిగా నువ్వు. నీ కింద నీ పుట్టిల్లు, అంటే మళ్లీ మా గుంటూరు ఇల్లు. అందులో మళ్లీ నేను! పేర్లు కొండవీటి చాంతాడులా దిగుతూనే ఉన్నాయి. షమా కాసేపు చూసి, "మీరిద్దరూ అసలు ఎవరింట్లో ఉంటున్నారమ్మా?" అంది. ఆ తర్వాత కంప్యూటర్ బిగుసుకుపోయింది. ప్లగ్గు పీకాల్సి వచ్చింది.

తప్పు నీది కాదులే. ఈ అవుట్‌లైన్ ప్రోగ్రాం పద్ధతి నీకు తెలిసిందే. పెద్ద మాట కింద చిన్న మాట, దాని కింద ఇంకా చిన్నది, ప్లస్ గుర్తు నొక్కితే తెరుచుకుంటుంది. ఒక పత్రాన్ని ఇంకో పత్రం కడుపులో పెట్టొచ్చు. వంశవృక్షానికి ఇంతకన్నా మంచిది లేదనుకున్నాం. కానీ దీన్ని రాసినవాళ్లకు కుండమార్పిడి పెళ్లిళ్లు ఏం తెలుసు? మీ అన్నయ్యకు నన్నిచ్చి, మా అన్నయ్యకు నిన్ను చేసుకుని, ఒకే పందిట్లో రెండు జంటలను పీటల మీద కూర్చోబెట్టారని వాళ్లు కలగన్నారా?

శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో ఈ వంశవృక్షం పుస్తకం చుట్టాలందరికీ పంచాలని మా నాన్న పట్టు. నువ్వు ఆయన్ని సముదాయించు, నేను కంప్యూటర్‌ను సముదాయిస్తాను. ఎవరిది కష్టమో చూద్దాం.

మా అన్నయ్య వివరాలు ఫ్లాపీలో ఖాళీగా ఉన్నాయేం? పక్కనే ఉన్న మొగుణ్ణి వదిలేసి, మూడు తరాల కిందటి చుట్టాలందర్నీ పట్టుకొచ్చావు.

నీ వదిన,
శివపార్వతి

*

మార్టూరు,
27 ఆగస్టు 2002.

శివ వదినకు,

ఫోన్ చేసి నవ్వొచ్చు కదా అని మీ ఆయన, మా నాగేంద్ర అన్నయ్య అన్నాడట. మా ఫోన్ హాల్లో, మామయ్య కుర్చీ పక్కన ఉంటుంది. దానిలో నవ్వితే, ఎందుకు నవ్వావని పాలిషింగ్ యూనిట్‌లో కూలీలు కూడా అడుగుతారు. ఉత్తరమే నయం.

నీ ఉత్తరం చదివాక ఇక్కడి కంప్యూటర్‌లో నేనూ ఆ మీట నొక్కి చూశాను. ఇది మీదానికన్నా పాతది, పాపం, మూడోసారి నా పేరు రాగానే చచ్చిపోయింది. యూనిట్ బిల్లులన్నీ దానిలోనే ఉన్నాయి. గుమస్తా నెత్తి కొట్టుకున్నాడు. సాయంత్రానికి నేనే బాగుచేశాను. ఇప్పుడు వాడు నన్ను చూసి లేచి నిలబడుతున్నాడు.

మీ నాన్నగారి సంగతి చెప్పనా? "ఆడపిల్ల పేరు రాసి, ఫలానా ఊరికిచ్చాం అని రాసి, కింద గీత గీసెయ్యమ్మాయ్. ఆ తర్వాత సంగతి వాళ్లు చూసుకుంటారు," అంటాడు. నీ పేరు కింద కూడా గీతే. "మామయ్యా, మీ సొంత కూతురు కదా!" అన్నాను. "కూతురు కాబట్టే గుంటూరు అని ఊరు పేరు పెద్దచ్చరాల్లో రాయమన్నా," అన్నాడు. ఇంతకన్నా ప్రేమ ఆయన దగ్గర లేదు, ఉన్నదంతా ఇచ్చేశాడు.

మీ అన్నయ్య వివరాలకేం తొందర? చీమకుర్తి క్వారీలో పని ఎక్కువగా ఉందని అక్కడే ఉంటున్నాడు. వచ్చినప్పుడు కనుక్కుని రాస్తాను.

నీ వదిన,
మాధురి

*

గుంటూరు,
20 సెప్టెంబరు 2002.

వదినా,

సాధించాం. షమా, నేను కలిసి మొత్తం ఊడదీసి మళ్లీ కట్టాం.

ఇదివరకు మనం మనుషుల్ని ఇళ్ల కడుపులో పెట్టాం. అదే తప్పు. ఇప్పుడు ప్రతి మనిషీ ఒక విడి పత్రం, ఎవరి కిందా కాదు. ఇల్లు అనే పత్రంలో మనుషులు ఉండరు, వాళ్ల దగ్గరికి లింకులే ఉంటాయి. గుంటూరు ఇంట్లో కూతురిగా నీ పేరు మీద నొక్కినా, మార్టూరు ఇంట్లో కోడలిగా నొక్కినా, ఒకే మాధురి తెరుచుకుంటుంది. నీ పుట్టినరోజు ఒకచోట దిద్దితే చాలు, రెండిళ్లలోనూ మారిపోతుంది.

ఇంకో తేడా షమా చేసి చూపించింది. లోపల పెట్టిన పత్రమైతే, పైదాన్ని చెరిపేయగానే లోపలిది కూడా పోతుంది. లింకు అయితే దారి ఒక్కటే పోతుంది, మనిషి పోదు. పరీక్ష కోసం మా గుంటూరు ఇల్లు మొత్తం చెరిపేసింది. నా గుండె ఆగింది. తీరా చూస్తే అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం!

ఇక మా నాన్న గీతల సంగతి. ఆయనకు గీసిన కాగితం చూపించు, తప్పులేదు. అచ్చుకు వెళ్లేది మాత్రం నా దగ్గర్నుంచి కదా.

అసలు విషయం ఆఖర్న రాస్తున్నాను, ముందు రాస్తే పైదంతా చదవవు. నాకు మూడో నెల. మీ అమ్మ, అంటే మా అత్తగారు ఆదెమ్మ గారు, నన్ను బిందె ఎత్తనివ్వడం లేదు. ఒకపక్క తిడుతూనే చేప పులుసు వండి పెడుతోంది. ఏడో నెలలో పురిటికి మార్టూరు వస్తాను. మా అమ్మ లేదు కదా, పురుడు పొయ్యాల్సింది నువ్వే. ఇప్పుడే చెప్పేస్తున్నాను, నేను బాగా అరుస్తాను.

శివపార్వతి

*

మార్టూరు,
18 అక్టోబరు 2002.

వదినా,

చాలా సంతోషం. తప్పకుండా రా. ముందు గదికి సున్నం వేయిస్తాను. పురుడు నేనే పోస్తాను. నువ్వు దేనికీ దిగులు పెట్టుకోకు.

మిగిలిన ఫైళ్లు ఈ ఫ్లాపీలో ఉన్నాయి. మీ అన్నయ్యది తర్వాత పంపుతాను.

ఒంటరిగా రిక్షా ఎక్కకు. కారం తగ్గించు.

మాధురి

*

గుంటూరు,
4 నవంబరు 2002.

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీలా లేదు. నవ్వులేదు, ఎవర్నీ వెక్కిరించలేదు. మా నాన్న మీద ఒక్క మాట కూడా లేదు. "దిగులు పెట్టుకోకు" అని నాకు రాసే మనిషివి కాదు నువ్వు, దిగులు పెట్టుకుంటే తంతాననే మనిషివి. పైగా గుంటూరు మనిషిని పట్టుకుని కారం తగ్గించమంటావా? ఏదో జరిగింది.

ఖాదర్ వలిని అడిగితే, "నాకేం తెల్సమ్మా, నేను రాళ్లు మోసేటోణ్ణి," అని బండి కింద దూరాడు. బండికి ఏ జబ్బూ లేదు. నన్ను తప్పించుకోవడానికే దూరాడు.

మా అన్నయ్య చీమకుర్తిలో ఏం చేస్తున్నాడు? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆయన నాకు అన్నయ్య అయితే నువ్వు నాకు అంతకన్నా ఎక్కువ. పెళ్లినాడు పీటల మీద మనిద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం. మొగుళ్లతో పరిచయం ఆ తర్వాతే.

అత్తయ్య ఈ మధ్య నన్ను అదోలా చూస్తోంది. అదేం లేదులే, వేవిళ్ల మనిషికి అన్నీ అలాగే కనిపిస్తాయి. నువ్వు మాత్రం రాయి.

శివపార్వతి

*

మార్టూరు,
19 నవంబరు 2002.

శివ వదినకు,

సూటిగా అడిగావు, సూటిగా చెబుతున్నాను. కూర్చుని చదువు.

మీ అన్నయ్యకు చీమకుర్తిలో ఇంకో ఇల్లుంది. అందులో ఒక మనిషి, రెండేళ్ల మగపిల్లాడు. నాకు తెలిసింది అక్టోబరులో. మామయ్యకు అంతకు ముందే తెలుసు. ఆ పిల్లాడి పేరు పుస్తకంలో వేయాలని మీ అన్నయ్య ఆయన్ని అడిగాడట. ఆయన నన్ను పిలిచి, "ఏం చేద్దామమ్మాయ్?" అన్నాడు. మీ నాన్న నన్ను అడగడమే వింత, తల వంచుకుని అడగడం ఇంకా వింత. పిల్లాడి పత్రం నేనే తయారుచేశాను. వాడేం పాపం చేశాడు? ఈ ఫ్లాపీలో ఉంది. మీ అన్నయ్య పేరు కింద లింకు పెట్టు.

ఏడ్చానా అంటే, ఏడ్చాను. చాలా ఏడ్చాను. ఇప్పుడు మాత్రం కోపంగా ఉంది, కోపం వచ్చాక ఒంట్లో బాగుంది. మీ అన్నయ్య తప్పయిపోయిందని అనలేదు. "నీకేం తక్కువ చేశాను?" అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద మిగిలింది కూడా పోయింది.

ఒంగోలులో ఒక గ్రానైటు ఎగుమతి ఆఫీసువాళ్లు నన్ను పనికి రమ్మంటున్నారు. మన గుమస్తానే వాళ్లకు చెప్పాడట, మా దగ్గర ఒకావిడ చచ్చిన కంప్యూటర్‌ను లేపిందని. ఉండటానికి వర్కింగ్ విమెన్స్ హాస్టల్ చూసుకున్నాను. వెళ్తాను. అందులో రెండో మాట లేదు.

కానీ ఇప్పుడే కాదు. మా అమ్మ సంగతి నీకన్నా నాకు బాగా తెలుసు. కుండమార్పిడిలో ఒక పిల్ల పుట్టింటి దారి పడితే, రెండో పిల్లనూ పంపించేస్తారు. మా ఊళ్లో రెండిళ్లలో అలాగే జరిగింది. ఎవరూ గెంటరు, కేకలు ఉండవు. పురిటికని సారె పెట్టి పంపిస్తారు, మళ్లీ తీసుకెళ్లడానికి రారు. నేను ఇక్కడి నుంచి కదిలితే నిన్ను కదుపుతారు. అందుకని నీ పురుడు పోసి, బిడ్డతో సహా నిన్ను గుంటూరు బండి ఎక్కించాకే నా పెట్టె సర్దుకుంటాను. అప్పటిదాకా మా అమ్మకు చెప్పకు. నా మీద ఒట్టు.

మాధురి

*

గుంటూరు,
8 డిసెంబరు 2002.

వదినా,

ఒట్టు తప్పాను. మీ అమ్మకు చెప్పేశాను. నన్ను తిట్టాలనిపిస్తే మొత్తం చదివాక తిట్టు.

నీకు రాయని మాట ఒకటుంది. దసరా దాటాక ఒకరోజు అత్తయ్య నాతో, "మీ అన్న గురించి ఏందేందో ఇంటన్నా. అది నిజమై, నా కూతురు ఏడ్చుకుంటా ఈ గడప తొక్కితే, నువ్వు ఈ గడప దాటాల్సిందే," అంది. అబద్ధమై ఉంటుందని నన్ను నేను నమ్మించుకున్నాను. నువ్వు నా కోసం దాచావు, నేను నీ కోసం దాచాను. ఇద్దరం తెలివైనవాళ్లమే, పని మాత్రం తెలివితక్కువది చేశాం.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నిజమే. నా పుట్టింటి పరువు నేనే తీయాలి. పది రోజులు రేపు రేపని వాయిదా వేశాను. ఆఖరికి మొన్న బుధవారం మధ్యాహ్నం అత్తయ్యే నాకు క్యారేజీ తీసుకుని సెంటరుకు వచ్చింది. నా పక్కన స్టూలు మీద కూర్చుని, "ఈ డబ్బాలో నా కూతురేదీ, చూపియ్యి," అంది. మన ఇల్లు తెరిచి నీ పేరు చూపించాను. తర్వాత మార్టూరు ఇల్లు తెరిచి అక్కడా చూపించాను.

"ఒకే మనిషి రెండు చోట్ల ఎట్టా ఉండిద్ది? ఏది అసలుది?"

"రెండూ దారులే అత్తయ్యా. అసలుది విడిగా ఉంది. ఎవరి కిందా కాదు."

"ఎవరి కిందా లేకపోతే అది ఒంటిదైపోలా?"

"ఇప్పుడు ఒంటిగానే ఉందత్తయ్యా," అని మొత్తం చెప్పేశాను. చీమకుర్తి ఇల్లు, పిల్లాడు, "నీకేం తక్కువ చేశాను" అన్న మాట, నా పురుడు కోసం నువ్వు ఆ ఇంట్లో పళ్లు బిగబట్టుకుని కూర్చోవడం, ఏదీ మిగల్చలేదు.

ఆమె లేచి నిలబడింది. షమా మంచినీళ్లు ఇస్తే తీసుకోలేదు. "నీ అన్న చేసిన పని నీ నోటితోనే చెప్తన్నావా? నిన్ను పురిటికి పంపిచ్చి, ఇంక తీసుకురాను. అప్పుడు తెలిసిద్ది మీ నాయనకి, కూతురంటే ఏందో!" అని అందరూ వినేలా అంది.

నాకు భయం వేసింది, వదినా. అబద్ధం ఎందుకు? అయినా నోరు ఆగలేదు. "పంపించండి. నన్ను దించడానికి కారు మాట్లాడతారు కదా, వచ్చేటప్పుడు అదే కారులో మీ కూతుర్ని తెచ్చుకోండి. నన్ను తిరిగి తీసుకురావడం, మానడం మీ ఇష్టం. ఆమెను మాత్రం నా కోసం అక్కడ ఉంచకండి," అన్నాను. ఆమె వెళ్లిపోయింది. క్యారేజీ మాత్రం వదిలి వెళ్లింది.

మీ అన్నయ్య మొదట, "అమ్మ కోపం దిగాక చూద్దాం," అన్నాడు. "కోపం దిగేదాకా నా కడుపు ఆగదు," అన్నాను. అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "నిన్ను పంపితే నేనూ వస్తా. మీ నాన్న ఇల్లరికం పెట్టుకుంటాడేమో కనుక్కో," అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ, బట్టల పెట్టె దించి దుమ్ము దులిపాడు. అత్తయ్య చూస్తుండగానే దులిపాడు.

నాలుగు రోజులైంది. ఆమె నాతో మాట్లాడటం లేదు. ఏమవుతుందో నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. నీ కాపురం వేరు, నా కాపురం వేరు. మన పెళ్లిళ్లు ఒకే పందిట్లో జరిగాయి, అంతే. ఒకదాన్ని చెరిపితే రెండోది పోవాలని ఎవరూ రాసిపెట్టలేదు. ఎవరైనా రాసి ఉంటే నేను దిద్దుతాను. నా కోసం నువ్వు ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఎక్కువ ఉండొద్దు.

శివపార్వతి

*

ఒంగోలు,
22 డిసెంబరు 2002.

శివ వదినకు,

పైన ఊరి పేరు చూశావు కదా? అవును. హాస్టల్‌లో కిటికీ పక్క మంచం దొరికింది. రేపు సోమవారం ఆఫీసులో చేరుతున్నాను.

నీ ఉత్తరం అందిన మూడో రోజు పొద్దున్నే మా వాకిట్లో ఖాదర్ వలి ఖాళీ లారీ ఆగింది. ముందు సీట్లోంచి మా అమ్మ దిగింది! కారు దండగంట. మీ అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. అమ్మను చూడగానే యూనిట్‌లో ఏదో పని గుర్తొచ్చి పెరటి వైపు నుంచి వెళ్లిపోయాడు. మామయ్య ఒక్కడే దొరికాడు.

అమ్మ కూర్చోలేదు. "అన్నయ్యగారూ, నా కూతుర్ని తీసకపోతన్నా. మీవాడు చేసింది మీకూ తెలుసు, నాకూ తెలుసు. పంచాయితీ ఏం లేదు," అంది.

మామయ్య కుర్చీలోంచి లేచాడు. "తీసుకుపో తల్లీ, నేనాపలేను. మరి మా పిల్ల..." అని ఆగిపోయాడు. వదినా, ఆయన కళ్లల్లో నీళ్లు నేను మొదటిసారి చూశాను. "తొలి పురుడు పుట్టింట్లోనే గదమ్మా. ఇక్కడికి పంపిచ్చి, ఇంక..."

"ఇక్కడ పురుడు పోసే ఆడమనిషేది? ఆ ఉన్న మనిషిని నేను తీసకపోతన్నా గదా. పురుడు నా ఇంట్లో, నా చేత్తో పోస్తా. ఎవురేమనుకున్నా సరే."

"తర్వాత మా పిల్లని పంపిచ్చెయ్యవుగా?"

"మీ పిల్లేంది? దాని నోటికి భయపడే గదా నేనింత దూరం వచ్చింది! నలుగుర్లో నన్ను నిలబెట్టి కడిగేసింది. నా కూతురు కోసం దాని కాపురం పణంగా పెట్టింది. అట్టాంటిదాన్ని నేనొదులుకుంటానా?"

ఈ మాటలు నీ ముందు అనదు. అందుకే ఒక్కటీ వదలకుండా రాశాను.

నేను పెట్టె తెచ్చుకునేసరికి మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పుస్తకంలో మా ఇంట్లోంచి నీ పేరు తీసేస్తారా అమ్మాయ్?" అన్నాడు. ఏమంటే బాగుంటుందని ఎదురు అడిగాను. "ఉండనీ. మా శివ కింద ఆ గీత కూడా తీసెయ్యి," అన్నాడు. ఆ ఇంట్లో నన్ను కడుపులో పెట్టుకుని చూసింది ఆయనొక్కడే. కాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేశాను.

లారీలో అప్పటికే మీ ఊరికి వెళ్లాల్సిన రాళ్లు ఎక్కించారు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కున్నాం. హైవే మీదికి రాగానే చెప్పాను. "అమ్మా, నేను గుంటూరు రాను. ఒంగోలులో ఉద్యోగం ఉంది. హాస్టల్ చూసుకున్నాను. మొగుడింట్లోంచి నీ ఇంట్లోకి మారడానికి నేను బయటికి రాలేదు."

అమ్మ తిట్టింది. కన్నతల్లి ఇల్లు చేదయిందా అంది. కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఖాదర్ వలి బండి పక్కకు ఆపి, రోడ్డుకు అవతల చేలో పత్తి తీస్తున్నవాళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అమ్మ ముక్కు చీది, ముఖం తుడుచుకుని, వాడి భుజం తట్టింది.

"ఏరా ఖాదరూ, బండి తిప్పు."

"గుంటూరు ఇటేనమ్మా! వెనక సరుకుంది."

"రాళ్లే గదా, యాడికీ పోవు. ముందు దీన్ని ఒంగోల్లో దించుదాం. ఆ తర్వాత ఇంటికాడున్న దాని దగ్గిరికి పోదాం."

నీ వదిన,
మాధురి